జనాన్ని ఒక్క ప్రశ్నతో ఆపిన మా ఎస్సై గారు

రెండు వేల సంవత్సరం జూన్ ఐదవ తేదీన, సైనిక పోలీసు విభాగంలో పదిహేడేళ్ల సేవను ముగించుకొని మా ఠాణాలో కానిస్టేబులుగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, ఎస్సైగా పదవీ విరమణ చేస్తున్న ఈనాటి వరకు, మా ఎస్సై గారి పక్కన పనిచేసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని ఇప్పుడంటున్నాను గాని, మొదటి వారంలో తలనొప్పి అనుకున్న మాట వాస్తవం. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ముఖం చూసుకోదగిన బూట్లు, కుర్చీలో కూర్చున్నా వంగని వెన్ను చూసి మేమందరం వారికి చాటుగా ‘కవాతు గారు’ అని పేరు పెట్టుకున్నాము.

సైన్యంలో వారి విధి సైనికులనే చట్టానికి కట్టుబడి ఉంచడం. సెలవు తీరినా తిరిగిరాని జవానునైనా, మత్తులో బండి నడిపిన అధికారినైనా ఆపవలసి వస్తే, ముందుగా టోపీ సరిచేసుకొని, ఎదుటివారి హోదాకు తగిన మర్యాద చేసి, తానెవరో, ఎందుకు ఆపుతున్నారో చెప్పిన తరువాతే చెయ్యి వేసేవారు. ఆ పద్ధతిని మా ఠాణాకూ మోసుకొచ్చారు. జేబుదొంగ దొరికినా, “నమస్కారమండీ, నేను ఫలానా, మిమ్మల్ని ఫలానా కారణంగా ఆపాను” అని మొదలుపెట్టేవారు. ఒకసారి ఆ పరిచయం సగంలో ఉండగానే దొంగ సందు మలుపు తిరిగాడు. మేము పడీపడీ నవ్వుతుండగా వారు పరుగెత్తి వాణ్ణి పట్టుకొని, మిగిలిన సగం పరిచయాన్ని కూడా పూర్తిచేశారు.

ఆ వర్షాకాలంలోనే, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారనే పుకారు ఊరినంతా అట్టుడికిస్తున్న రోజుల్లో, ఏడుస్తున్న మూడేళ్ల పాపను భుజాన వేసుకొని వెళ్తున్న ఒక మనిషిని బస్టాండులో జనం చుట్టుముట్టారు. మేమిద్దరం చేరేసరికి పాపను ఎవరో ఒకావిడ లాక్కున్నారు. ఆ మనిషి నెత్తురోడుతూ నేలమీద ఉన్నాడు. వారు కవాతు మైదానం దద్దరిల్లే గొంతుతో, “ఆగండి! అందరూ వెనక్కి!” అని ఆజ్ఞాపించారు. సైన్యంలో ఆ గొంతు విని ఆగని మనిషి లేడు. ఇక్కడ ఒక్కరూ ఆగలేదు.

“ఎవడయ్యా నువ్వు, మాకు ఆర్డర్లెయ్యడానికి?” అంటూ ఒకడు తోశాడు. టోపీ కిందపడింది. నేను వైర్‌లెస్‌లో అదనపు బలగం కోసం మొరపెట్టుకుంటున్నాను. అది వచ్చేలోగా ఆ మనిషి ప్రాణం దక్కదని నాకు తెలుస్తూనే ఉంది.

వారు టోపీ తీసి, దులిపి, తలమీద పెట్టుకున్నారు. ఆ మనిషికీ జనానికీ అడ్డంగా నిలబడి, పాపను ఆవిడ చేతుల్లోంచి అందుకొని, ఈసారి మామూలు గొంతుతో అడిగారు.

“పాప తప్పిపోయింది ఎవరికండీ? ముందుకు రండి, ఇప్పుడే ఇచ్చేస్తాను.”

ఎవరూ రాలేదు.

“ఎవరికీ తప్పిపోలేదా? మరి ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చాడని కొడుతున్నారు?”

ఈలోగా పాప చేతులు చాచి, “నాన్నా” అంటూ కింద పడి ఉన్న మనిషి వైపు ఒరిగిపోయింది. ఎత్తిన కర్రలు దిగాయి. వారు నిటారుగా నిలబడి ఆ తండ్రికి వందనం చేసి, “ఆలస్యంగా వచ్చామయ్యా, క్షమించండి” అన్నారు.

అంతటితో ఆగక, మొదటి దెబ్బ ఎవరిదని అడిగి, జనం చూపించిన మనిషి దగ్గరికి నడిచారు. అతను ఎవరో కాదు, రోజూ మా ఠాణాకు టీ పంపే కొట్టు యజమాని. “నమస్కారమండీ. పొద్దున మీ టీ తాగాను, బాగుంది. ఈయన్ని కొట్టినందుకు మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను” అన్నారు. ఆ తరువాత కొన్నాళ్లు మా అందరికీ టీ కరువైంది.

మేము రాతిమనిషి అనుకున్న వారి సంగతి, మాకందరికీ వదినగారైన వారి శ్రీమతి ఈమధ్యనే చెప్పారు. “ఆ రోజు ఇంటికొచ్చి మా అమ్మాయిని ఒళ్లోంచి దించలేదండీ. అన్నానికి లెమ్మన్నా లేవలేదు. ‘అరిస్తే వింటారనుకున్నానే, ఆ కాస్తలో వాడి ప్రాణం పోయుంటే?’ అని ఒకటే ఏడుపు.”

అనంతర కాలంలో హెడ్ కానిస్టేబులుగా, ఏఎస్సైగా, ఎస్సైగా ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ లాఠీ పట్టడం కంటే ముందు జనాన్ని ప్రశ్న అడగడం నేర్పించారు. వారి చేతికింద తయారైనవారు నేడు ఎన్నో ఠాణాలలో ఉన్నారు. అంతటివారితో ఒకే బెంచీమీద కూర్చున్నానా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయ్యా, ఆ తండ్రీకూతుళ్లకు మీ పేరు గుర్తుందో లేదో. ఆ పాప ఈపాటికి ఒక ఇంటి ఇల్లాలై ఉంటుంది. ‘నాన్నా’ అని పిలిస్తే పలికే మనిషి మీ చలవ వల్ల ఆమెకు మిగిలాడు. మీ మనుమరాలు ‘తాతయ్యా’ అని పిలిచిన ప్రతిసారీ మీరు పలుకుతూ, వదినగారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.