అతికించిన లేబుల్

రిటైరైన జ్ఞానేశ్వరి టీచరు బెంజ్ సర్కిల్ దగ్గర తన పాత శిష్యుడు ప్రద్యుమ్న నడుపుతున్న శానిటరీ షాపుకు వచ్చి, అక్కడే కొన్న కుళాయిని కౌంటరు మీద పెట్టింది.

“నిమిషానికి ఆరు లీటర్లే వస్తాయని దీని మీద నీటి పొదుపు లేబుల్ ఉంది. బకెట్ పెట్టి కొలిచాను. పన్నెండు వచ్చాయి.”

“మీ దగ్గర దాచలేనండీ టీచర్. ఆ లేబుల్ మేమే అచ్చేయించి అతికించాం.”

“పరీక్ష చేయించకుండానే?”

“లేబుల్ ఉండి తీరాలని రూలేం లేదండీ. ఇష్టమైనవాళ్లు వేసుకోవచ్చు.”

“వేయకపోతే తప్పు కాదురా. అబద్ధం వేయడం తప్పు. నువ్వు చెప్పావనే మా అపార్ట్‌మెంట్‌లో అందరిచేతా ఇవే పెట్టించాను.”

“మీది మార్చేస్తానండీ. వాళ్లకి మాత్రం చెప్పకండి.”



“వాళ్లు లేబుల్ చూసి కొనలేదురా, నన్ను చూసి కొన్నారు. ఇప్పుడే వెళ్లి ఇంటింటికీ చెబుతాను,” అంటూ టీచరు కుళాయి తీసుకుని మెట్లు దిగింది.