చింతపండుతో తోమిన రూపాయలు

“అవ్వా, మా అమ్మమ్మోళ్ల ఇంట్ల పాత వెండి బిళ్లలు దొరికినయి. వేలంల పెడదామంటున్రు. ముందుగాల తోమి ఇస్తే మంచిగుంటది గదా?”

అయ్యో, ఆగు తల్లీ! తోమకు. గిట్ల వచ్చి కూసో. ముప్పై ఏండ్లు సాలెల పాఠం చెప్పినదాన్ని, నిదానంగ చెప్తా.

మా అత్త దగ్గర నిజాం కాలం రూపాయలు పది ఉండె. చార్మినార్ బొమ్మవి. అప్పట్ల ఒక్క రూపాయికి ఇంటిల్లిపాదికి వారం జొన్నలొస్తుండెనట. రెండు వారాలేమో... సరే, పోనీ. ఏటేటా దీపావళికి లక్ష్మీపూజల పెట్టేటందుకు వాటిని తోమాలె. నాకు ఐదు, నా ఆడపడుచు ఈరమ్మకు ఐదు పంచిస్తుండె అత్త. నేను చింతపండు, బూడిద పెట్టి అద్దం లెక్క మెరిపిస్తుంటి. ఈరమ్మ పని దొంగ! నీళ్లల్ల ముంచి, గుడ్డతో ఒత్తి, కుంకుమ పెట్టేస్తుండె. “పూలు కప్పినంక ఎవరు చూస్తరొదినా?” అంటుండె. ఆమె పెండ్లయి దేవదుర్గకు పోయేటప్పుడు, ఎవరివి వాళ్లకే ఇచ్చేసింది అత్త.

ఇప్పుడు చూడు, ఈరమ్మకు ఒక కన్ను పూరా పోయింది. రెండోదానికి ఆరు నెలలల్ల ఆపరేషన్ చెయ్యకుంటే అదీ దక్కదన్నడు డాక్టరు. అందుకే ఇద్దరివీ కలిపి వేలానికిచ్చినం.

అమ్మేటోళ్లకు ఏమైతదో విను. ముందుగాల రెండు దిక్కుల ఫోటోలడుగుతరు. ఇంత రావచ్చని ఒక ధర చెప్తరు. అది మాట ఇచ్చినట్టు గాదు, ఉత్త అంచనా. బిళ్లలు చేతికిస్తే, ఒక్కొక్కదాని బరువు, ఫోటో ఉన్న రసీదు తీసుకోవాలె. రసీదు లేంది కుర్చీల నుంచి లేవద్దు! అమ్ముడైతే కమిషన్ పట్టుకుంటరు, మిగిలింది గూడ వెంటనే రాదు, వారాలు పడతది. అమ్ముడుగాకుంటే బిళ్లలు వాపస్.

ఆ వేలం ఆఫీసాయన భూతద్దం పెట్టి నా బిళ్లలు చూసి, “మేడం, వీటిని తోమిండ్రా?” అన్నడు. అబద్ధమాడిన పిల్లల చెవులు మెలేసినదాన్ని గదా, “తోమిన. నా చేతులతోనే” అన్న. “అన్నీ గీతలే. వెండి ధర మీద కొద్దిగ వస్తదంతే” అన్నడు. తర్వాత ఈరమ్మవి విప్పిండు, నల్లగ, మొద్దుగ ఉన్నయి. నాకే సిగ్గేసింది. ఆయన మాత్రం కుర్చీల ముందుకు జరిగిండు! అండ్ల ఒకటి అరుదైన ఏడాదిదంట.

“దీనికి మీరు చెప్పిన కనీస ధర కొంచెం దించుండ్రి, జల్దీ పోతది” అన్నడు. “దించను సార్. అంతకన్న తక్కువైతే ఇయ్యొద్దు, రాసుకోండ్రి” అన్న. అంటి గానీ, అమ్ముడుగాకుంటే ఈరమ్మ కన్నేంగానని లోపల ఒకటే దడ.

వేలం రోజు మీ నాయిన ఫోన్ల చూసుకుంట ధరలు చదువుతుంటే, నావి గప్పుడే అమ్ముడైపోయినయి. ఈరమ్మది మాత్రం ఆగలే తల్లీ, ధర పైకి పోతనే ఉండె, పోతనే ఉండె!

ఆపరేషనైంది. పట్టీ విప్పినంక ఈరమ్మ ముందుగాల అడిగిందేందో ఎరుకనా? వేలం పుస్తకం. రంగులల్ల, పూరా ఒక పేజీ నిండ తన నల్ల బిళ్ల. కన్ను చికిలించి, పైనించి కిందికి చూసి, “ఏమొదినా, నీవి ఏ పేజీల ఉన్నయి?” అన్నది.

చూసిందమ్మా! అక్షరాలు గూడ చదివింది. ఎంత ఎక్కిరిస్తే ఏంది, నా ఆడపడుచే గదా... మీ పిల్లలంత గూడ గిట్లనే ఒకరికొకరు ఉండుండ్రి బిడ్డా, నూరేండ్లు సల్లగ.