తల్లి గొర్రెను అమ్మేది లే

"జేజీ, మా నాయన డిగ్రీ సదివేటప్పుడు నువ్వు సగం ఖర్చే ఇస్తివంట కదా. మిగిలింది ఎందుకియ్యలేదు?"

సగమే ఇస్తి. అవును, సగమే. ఎవురు చెప్పిరి నీకు, మీ నాయనేనా? ఇంగెవురు చెప్తారులే. ఆ సెల్లు ఈ బండ మీద పెట్టు, రికార్డు చేసుకుంటావో ఏం చేసుకుంటావో చేసుకో. బాగా ఇనపడేట్ల పెట్టు, మావాడు కూడా ఇనల్ల. సూడు వాన్ని, లోపలికి రాకుండా యాపచెట్టు కింద బండి మీదనే కూచున్నాడు. కన్నతల్లి ఇంటికొచ్చి గడప తొక్కనోడు, కూతురి చేతికి కాగితాలిచ్చి పంపిస్తాడా? ముసల్ది మనవరాలి మొగం సూసి, చేను అమ్మేకి ఏలిముద్ర ఏసేస్తాది అనుకున్నాడు. తెలివికేం తక్కువ లేదు దస్తగిరికి.

ఎయ్యను. ముందే చెప్తాండా రేష్మా, నువ్వు ఏడ్చినా ఎయ్యను, మీ నాయన వచ్చి కాల్లు పట్టుకున్నా ఎయ్యను. నిన్ను బెంగుళూరులో దుడ్లు కట్టే సీటులో చేర్పిస్తాడంట, దానికి నా చేను ప్లాట్లేసేటోల్లకు రాసియ్యల్లంట. కదిరిలో ఉండే మా చెల్లెలు కూడా ఫోన్ చేసె, "ఏసేయ్ అక్కా, ఇంగ ఎన్నాల్లు బతుకుతావు" అని. బతికినన్నాల్లు బతుకుతా, నీకేం నొప్పి అంటి. ఫోన్ పెట్టేసె. సదువు వద్దన్నానా నేను? అనలే. సదువుకో, ఎంత కావల్లంటే అంత సదువుకో. నా చేను జోలికి మాత్రం రావాకండి.

ఈ చేను యాడిదో నీకు తెలుసునా? మీ తాత సంపాదించింది కాదు, మా పుట్టింటోల్లు ఇచ్చింది కాదు. నేను పెండ్లయి ఈడికి వచ్చేసరికి ఈ ఇంట్లో ఏముండె అంటావు, ఒక విల్లు ఉండె. దూది ఏకే విల్లు. అదో, గోడకు తగిలిచ్చిండాది సూడు, అదే. మీ తాత దాన్ని భుజానేసుకోని కంబదూరు, కల్యాణదుర్గం, మడకశిర దాకా తిరుగుతాండె. పరుపు ఏకి కుడితే పది రూపాయలు... కాదు, ఐదు. ఐదేలే, పది అయ్యింది మీ నాయన పుట్టినాక. వానాకాలం వస్తే ఎవురూ పరుపులు ఏకిచ్చుకోరు, ఆయప్ప ఇంట్లోనే కూచుంటాడు. అట్లాంటప్పుడు నేను రెడ్డోల్ల ఇంటికి పోయి, ఒక గొర్రెను పాలుకియ్యండి అని అడిగినా.

పాలుకిచ్చేది అంటే ఈ కాలం పిల్లోల్లకు ఏం తెలుస్తాది! వాల్లకు గొర్రె ఉండాది, మేపే ఓపిక లేదు. నాకు ఓపిక ఉండాది, గొర్రె లేదు. వాల్ల గొర్రెను తెచ్చి నా కొట్టంలో కట్టుకుంటా, నేను మేపుతా. ఈనిన పిల్లల్లో ఒకటి వాల్లది, ఒకటి నాది. సగం సగం. మా పక్కన అందురూ చేసేదే. దాంట్లో ఒక్కటే కట్టు, తల్లి గొర్రెను అమ్మేది లే. ఇచ్చినోడూ అమ్మడు, మేపేటోడూ అమ్మడు. ఇంట్లో పొయ్యి ఎలగకపోయినా అమ్మేది పిల్లల్నే. కరువొచ్చిన ఏడు గడ్డి పోచ లేదు, ఆకు లేదు, నేను తుమ్మచెట్టు ఎక్కి కాయలు రాల్చి మేపినా ఆ గొర్రెను. ముల్లు గుచ్చుకోని కాలు వాచిపాయె, అయినా మేపినా. మీ తాత అనె, "కటికోనికి ఇచ్చేద్దాం మాబూ, బతకదది" అని. నేను కర్ర తీసుకుంటి. సుమ్మనే బెదిరించేకిలే, కొట్టేకి కాదు.

ఆ గొర్రె బతికె. దాని పిల్లలు, దాని పిల్లల పిల్లలు, నా పాలుకు వచ్చినవి అమ్మి అమ్మి కొన్న చేను ఇది. అందుకే నా పేరు మీద ఉండాది. రిజిస్ట్రారు ఆఫీసులో మీ తాత "మాబున్ని పేరు మీదనే రాయండి సార్" అని చెప్పి, బయటికొచ్చి నాకు పకోడీలు కొనిచ్చినాడు. మంచోడులే ఆయప్ప, కొంచెం మెత్తన, అంతే. ఆ పకోడీల అంగడి ఇప్పుడు లేదు, సెల్లుల అంగడి పెట్టినారు ఆడ. యాడికో పోతాండా. ఏం చెప్తాంటి?

ఆఁ, మీ నాయన. ఇంటర్ పాసైనాడు. అనంతపురంలో డిగ్రీ సీటు వచ్చె. ఫీజు, రూము బాడుగ, బువ్వ, బుక్కులు, అన్నీ కలిపి సూసుకుంటే మా ఇద్దరి రెక్కలు ఇరిగినా సాలదు. మీ తాత అనె, "చేను అమ్మేద్దాం మాబూ, ఒక్కడే కొడుకు కదా" అని. నేను ఆ పొద్దు ఇట్లే, ఈడనే కూచోని విత్తనానికి చెనిక్కాయలు ఒలస్తాంటి. చాట కింద పెట్టి, "దస్తగిరీ, ఇట్ల రా" అంటి. "ఫీజు, రూము నేను కడతా. పొట్టేల్లు అమ్మి కడతా, కాయలు పండితే కాయలు అమ్మి కడతా. నీ బువ్వ, నీ బట్టలు నువ్వు సూసుకో. విల్లు పట్టేది మీ నాయన నేర్పిచ్చినాడు కదా, ఆదివారాలు పరుపులేకు. సగం నాది, సగం నీది. చేను అమ్మేది లే."

వాడు ఏమన్నాడో తెలుసునా? "నువ్వు తల్లివేనా?" అన్నాడు. నా మొగం మీదనే అన్నాడు. ఊరు ఊరంతా అదే పాట. మాబున్నికి చేను మీద ఉండే పానం కొడుకు మీద లేదు, రాతి గుండెది అని. అనుకోనీ. వాల్ల నోటికి నేను తాళమేస్తానా? నీల్ల కాడికి పోతే ఆడోల్లు గుసగుస, నేను పోతానే గమ్మునైపోతారు. నేనే అంటి, "ఏమే, ఆపితిరి? చెప్పండి, నేనూ ఇంటా" అని.

పోయినాడు. మొగం ముడుచుకోని పోయినాడు గానీ, విల్లు తీసుకోనే పోయినాడు. నేనొకసారి రొట్టెలు, ఊరిబిండి పచ్చడి కట్టుకోని బస్సెక్కి అనంతపురం పోతి. ఊరిబిండి అంటే వానికి పానం, చిన్నప్పుడు రోలు కాడనే కూచోని నాకేటోడు. రూము యాడో కనుక్కుంటా పోతాంటే, ఒక సందులో "పరుపులేకుతాం, పరుపులూ" అని మావాని గొంతు. భుజాన విల్లు, తలకాయంతా దూది. ఎదురుగా వానితో సదివేటోల్లు. ఒకడు ఆ విల్లు పట్టుకోని టుంయ్ టుంయ్ అని లాగి నవ్వుతాండాడు, మిగిలినోల్లు నవ్వుతాండారు. మావాడు తల ఎత్తి నన్ను సూసినాడు. సూసి, మొగం తిప్పుకున్నాడు, నేనెవురో ఎరగనట్ల.

నేను దగ్గరికి పోలే. రూములో ఉండే ఇంగో పిల్లోని చేతికి ఆ మూట ఇచ్చి, తిరిగి బస్సెక్కినా. కల్యాణదుర్గం వచ్చేదాకా ఏడిస్తి. పక్కనుండే ఆయమ్మ "ఏమాయె అక్కా, ఎవురన్నా పోయినారా" అని అడిగె.

ఏడిస్తే? ఏడిస్తే తప్పు చేసినట్లా? కన్నదానికి ఏడుపు రాకుండా ఉంటాదా. కండ్లు తుడుచుకుంటా ఆ బస్సులోనే అనుకున్నా, మల్లా అడిగినా సగమే ఇస్తా అని. డిగ్రీ అయ్యేదాకా వాడు బక్రీదుకు కూడా ఇంటికి రాలే. నా సగం మాత్రం ఒక్కసారి కూడా తప్పలే. వాని సగమూ వాడు తప్పలే. ఆ రోషం ఉండాది సూడు, అది నాదే.

ఇప్పుడు వాడేమంటాడు? "నేను పడిన అవమానం నా కూతురు పడగూడదు, ప్రతి రూపాయీ నేనే కడతా" అంటాడు. ఇనేకి బాగుండాది. మన ఎదురింటి సుంకన్న కూడా ఇదే మాట అనె. చేను అమ్మె, కాడెద్దులు అమ్మె, పెండ్లాం చెవుల కమ్మలు అమ్మె, కొడుకును ఇంజనీరింగులో ఏసె. ఆ పిల్లోడు చెడ్డోడు కాదు పాపా, నా చేతుల్లో పెరిగినోడు. మొదటేడే పరీచ్చలు తప్పె. ఆ మాట ఇంట్లో చెప్పేకి వానికి నోరు రాలే. ఎట్లొస్తాది? ఫోన్ చేసినప్పుడంతా సుంకన్న "చేను పోయినా ఏం కాదప్పా, నువ్వుండావు కదా" అంటాండె. పాపం, ధైర్యం చెప్తాండా అనుకున్నాడు ఆయప్ప. ఆ పిల్లోడు అబద్దం మీద అబద్దం చెప్పి, కాలేజీకి పోయేది మానుకోని, యాడో హోటల్లో ప్లేట్లు కడుగుతా ఉండాడు, ఇంటికి రాలేక. సదువు పోతే పాయె, కొడుకు పాయె కదా! వాని నెత్తిన చేను పెట్టినారు. దాన్ని మోసుకుంటా ఎవుడు సదువుతాడు?

మీ నాయన భుజాన నేను విల్లు పెట్టినా, నిజమే. విల్లును సాయంత్రం దించుకుంటాడు. చేను పెట్టింటే ఎట్ల దించుకుండు? వాడు తప్పింటే, "తప్పినానమ్మా" అని నా ముందరికి వచ్చి నిలబడుండు, నేను నాలుగు తిట్టి బువ్వ పెట్టిందును. అంతే కదా ఇండ్లంటే.

ఇంగ కరోనా అప్పుడు ఏమాయె? రాప్తాడులో మీ నాయన పని చేసే ఎరువులంగడి మూసిరి, జీతం లేదు. నిన్నూ మీ అమ్మనూ బండెక్కించుకోని యాడికొచ్చె? ఈ చేనికే కదా. నీకు మతికుండాదా, గట్టు మీద కాయలు కాల్చుకోని తింటివి, మూతంతా నల్లగ చేసుకోని. అప్పుడు మీ నాయన నా పక్కన నిలబడి చేను దిక్కు సూసి సూసి, "అమ్మా, ఇది ఉండేది మంచిదాయె" అన్నాడు. ఈ చెవులతో ఇన్నా. ఇప్పుడు అడిగితే అనలే అంటాడు.

అమ్మానాయన పిల్లోల్ల సదువుకు ఎంతియ్యల్ల అని నన్ను అడగండి, నేను చెప్తా. పంటలో నుంచి ఇయ్యండి, గొర్రిపిల్లల్లో నుంచి ఇయ్యండి, రెక్కల్లో నుంచి ఇయ్యండి. తల్లి గొర్రెను అమ్మి ఇయ్యాకండి. మిగిలింది ఆ పిల్లోల్లనే ఎత్తుకోనియ్యండి, ఏం వాల్లకు చేతుల్లేవా? నీకూ అంతే. కొట్టంలో పొట్టేల్లుండాయి, బక్రీదుకు మంచి ధర పలుకుతాయి. అవి నీ సదువుకే. అవి నా సగం.

ఇప్పుడు నువ్వు చెప్పు, ఇంతసేపూ నేనే వాగుతాండా. ఆ బెంగుళూరు కాలేజీ నీకు కావల్లనా, మీ నాయనకు కావల్లనా? తల ఎత్తి చెప్పు.

ఏందీ? గట్టిగా చెప్పు, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు.

"అనంతపురంలో కౌన్సిలింగులో వచ్చిన సీటే నాకు చాలు జేజీ. మొదట్నుంచీ నాకదే ఇష్టం. నాయన అందరికీ బెంగుళూరని చెప్పేసినాడు. ఆయనకు చెప్పేకి భయమైతాండాది."

సూసినావా! చేను ఇంకా అమ్మనే లేదు, అప్పుడే నీ నెత్తిన పెట్టేసినాడు. ఏడ్వాకు, ఏడ్వాకు. ఇట్ల రా, నా కొంగుతో తుడుచుకో. ఇన్నాల్లూ లోపల పెట్టుకోని తిరిగినావా, తిక్కదానా!

నేను చెప్పల్లనా వానికి? చెప్పను. నేను చెప్తే ముసల్ది నేర్పిచ్చిందంటాడు. నువ్వే చెప్పల్ల. అదే నీ సగం.

భయపడాకు మే. మీ నాయన గురించి నీకు తెలియంది ఒకటి చెప్తా ఇను. డిగ్రీ అయినాక ఆ విల్లును తెచ్చి ఈ వాకిట్లో పారేసి, "ఇంగ దీన్ని ముట్టను, పొయ్యిలో పెట్టుకో" అన్నాడు. నేను పెట్టలే, గోడకు తగిలిచ్చినా. కొన్నేండ్లు అది అట్లే ఉండె. నువ్వు పుట్టినప్పుడు, మీ అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉండాది, ఒక మధ్యాన్నం వాడు ఒక్కడే వచ్చినాడు. సంచిలో కొత్త దూది తెచ్చుకున్నాడు. విల్లు దించినాడు, తలుపేసుకున్నాడు. టుంయ్ టుంయ్ అని ఏకుతాండాడు, నేను వంటింట్లో ఇనుకుంటా నిలబడినా. ఇంత చిన్న పరుపు, దానికో దిండు, తనే కూచోని కుట్టినాడు. పోయేటప్పుడు, "అంగట్లో కొన్నానని చెప్తా, నువ్వేం నోరు జారాకు" అన్నాడు. నువ్వు నడక నేర్చేదాకా దాని మీదనే పండుకున్నావు. అట్లాంటోనికా నువ్వు భయపడేది?

లెయ్. ఆ కాగితాలు ఏలిముద్ర లేకుండా అట్లే ఎత్తుకోని పో. సల్లగుండు తల్లీ, అల్లా నీకు మంచి చేస్తాడు. మనసులో ఉండేది నోటికి వచ్చేట్ల ఎప్పుడూ బతుకు, అంతకన్నా నాకేం వద్దు. పో, పోయి నీ సగం చెప్పేసి, వాన్ని లోపలికి పిలుచుకోని రా. సంగటి కెలికినా, ఊరిబిండి నూరినా. ఆ పొద్దు అనంతపురంలో నా ముందర కూచోని తినలే కదా వాడు. ఈ పొద్దు ఎట్ల తినడో నేనూ సూస్తా.