గడ్డానికి గంటలు కట్టిన జాతి

నిన్న చుట్టాల ముందు భార్య పాటను గాడిద ఓండ్రతో పోల్చి అందరినీ నవ్వించిన ముసలాయన, ఇవాళ ఆమె అక్కగారింటికి పోవడానికి పెట్టె సర్దుతుంటే, తాను రాస్తున్న చరిత్ర కాగితాలు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఉత్తరాన మంచుకొండల్లో ఒక అనాగరిక జాతి ఉండేది. వినవే.”

“నాకు తీరిక లేదు.”

“వాళ్ల మగాళ్లు గడ్డాలకు గంటలు కట్టుకొని ఎలుగుబంట్లతో కుస్తీ పట్టేవాళ్లు.”

“తిన్న కంచం తీసేవాళ్లా?”

“అబ్బే! వీరులు కదా.”

“పెళ్లాన్ని నలుగురిలో నవ్వులపాలు చేసేవాళ్లా?”

ముసలాయన కాగితం తిప్పాడు. ఆ పక్క ఖాళీగా ఉంది. అయినా చదివాడు.

“చేసేవాళ్లు. బుర్ర తక్కువ, నోరెక్కువ జాతి. కానీ దానికి శిక్ష ఉండేది. అలాంటి మొగుడు వారం రోజులు తానే వండి, ముందు పెళ్లానికి వడ్డించాలి.”

“మీలాంటివాడు వండితే ఆ శిక్ష ఎవరికండీ? తినేదానికి కాదూ!”

“అందుకే అక్కడి ఆడవాళ్లు మొదటి ముద్దకే క్షమించేసేవాళ్లు.”

ఆమె నవ్వు కనబడకుండా పెట్టెలోకి వంగింది.

“బస్సు సాయంత్రానికి. ఈలోగా ఆ ముద్దేదో పెట్టండి, చూద్దాం.”

ముసలాయన హుషారుగా వంటింట్లోకి వెళ్లి, మరుక్షణమే తల బయటపెట్టాడు.

“ఏమే, ఈ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుంది?”