పేరు సెప్పని రత్నమ్మ

"మామ్మా, నీ పుట్టినరోజు ఎప్పుడో చెప్పు, ఫోనులో పెట్టుకుంటాను."

పెట్టుకో తల్లీ, జనవరి ఒకటి. నవ్వుతన్నావేటి? ఆధారు కార్డులో అలాగే ఉన్నాది, కావలస్తే సూడు. నా ఒక్కదానిదే కాదు, మన ఈదిలో ముసిలోలమంతా జనవరి ఒకటినే పుట్టేసినాము. ఆ రోజు మంత్రసానికి ఎన్ని నొప్పులొచ్చినాయో ఏటో. కార్డులోలు బడికాడ కూకొని, ఎప్పుడు పుట్టినావు ముసిలమ్మా అనడిగితే నాకేటి తెలుస్తాది? మాయమ్మ సెప్పీది, పెద్ద తుపానొచ్చి పడవలు ఊరి మీదకొచ్చిన యేడు, గంపెడు కవళ్ళ సాపలు రూపాయికి ఇస్తామన్నా అడిగినోడు నేని యేడు నువ్వు పుట్టినావే అని. అదే సెప్పినాను. తుపానులు కొట్టడానికి ఇందులో సోటు నేదు అన్నాడు, జనవరి ఒకటి కొట్టేసినాడు. మా అప్పకీ అదే కొట్టేసినాడు. అది నన్ను సంకనేసుకొని పెంచినాది, నాకన్నా ఎంత పెద్దదో. ముసిలితనంలోన కవలలమయిపోయినాము.

ఆ జనవరి ఒకటి మూలంగానే కదా మన సర్చిలో అంత గొడవైనాది. మీయమ్మ సెప్పనేదేటి? అది సెప్పదులే, దానికి సిగ్గు, మా అత్త సర్చిలోన అందరి ముందర నోరెట్టుకొని పడిపోయినాదని. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. కూకో, సెప్తాను. ఆ నెత్తళ్ళకి తలలు తీస్తూ ఇను, సేతులు కాళీగా ఎందుకుంచడం.

మన సర్చిలో అలవాటున్నాది కదా, నెలలో మొదటి ఆదివారం ఆ నెల్లో పుట్టినోలంతా ముందుకెల్లి నిలబడితే, అయ్యగారు ఒక్కొక్కల నెత్తి మీద సెయ్యేసి పేరెట్టి ప్రార్థన సేస్తాడు. అందరూ పాట పాడతారు, సాక్లెట్టు ఇస్తారు. పాత అయ్యగారున్నప్పుడు ఇదంతా నేదు. ఆయన సైకిలు మీద వచ్చీవోడు, ఎండుసాప పులుసు పోస్తే తినీసి, ఎవులింట్లో ఎవులికి జొరమో అడిగీసి పోయీవోడు. ఈయనొచ్చినాక కీబోర్డొచ్చినాది, గోడ మీద బొమ్మలేసే మిసనొచ్చినాది, ఫోనులో లైవొచ్చినాది. ఎక్కడెక్కడోలో సూస్తారంట. సూడనీ, మనకేటి.

ఈయనకి పేర్లు బాగా గుర్తుంటాయి, అది మాత్రం సెప్పుకోవాల. రొయ్యల సెరువుల కంట్రాక్టరున్నాడు కదా, ఆయన మనవల పేర్లు మొత్తం నోటికొచ్చు. ఆల కుక్క పేరు కూడా వచ్చు. ఆయన కొత్త కారు కొంటే సర్చి ముందర ఎట్టించి, నంబరు సదివి మరీ ప్రార్థన సేసినాడు. ఏపీ అని మొదలెట్టి, మద్దిలో ఇంగ్లీసు అచ్చరాలు కూడా ఒదల్లేదు. పరలోకంలోన కూడా బ్రేకు ఇనస్పెక్టరు ఉన్నాడేమో, నంబరు తెలకపోతే కారు ఆపేస్తాడేమో మరి, నాకు తెలీదు. మా ముసిలోలకి అలాటి నంబర్లు నేవు. మేమంతా మామ్మలం. మామ్మా బాగున్నావా అంటాడు, మనం బాగున్నామో నేదో సెప్పీలోగా ఇంకో మామ్మ కాడికి ఎల్లిపోతాడు.

రత్నమ్మని ఎరుగుదువా? అదిగో, అలా మొహమెట్టీకు. బోదకాలమ్మ అంటే ఎరుగుదువు. సూసినావా మరి. ఎడంకాలు రోలంత ఉంటాది దానికి. ఆ కాలుతోనే నాతోపాటు గంపెత్తుకొని టెక్కలి దాకా తిరిగి సాపలమ్మినాది. కాపోల ఊళ్ళల్లోన దానికి నాకన్నా బేరం బాగా అయ్యీది, నాకు ఒళ్ళు మండిపోయీది. ఏటి సెప్తన్నాను? ఆఁ, కాలు. కాలు మడవలేదు గనక సర్చిలోన గుమ్మం కాడ, సెప్పులు ఇడిసిన కాడ పీటేసుకొని కూకుంటాది. సెప్పులకి కాపలా అనుకొనీవోలు కొంతమంది. మామ్మా కొత్త సెప్పులు, సూస్తుండు అని సెప్పి మరీ లోపలికెల్లీవోలు, అక్కడ అందరమూ దేవుడి పిల్లలమే అని పాడడానికి.

దాన్ని పేరెట్టి పిలిచినోలెవులు? మొగుడున్నన్నాళ్ళూ ఏయ్ అన్నాడు. అత్త, అది అనీది. కాలు వాసిన కాడ్నించీ ఊరంతటికీ బోదకాలమ్మ. ఒకనాడు అయ్యగారు జబ్బుగా ఉన్నోల కోసం ప్రార్థన సేస్తూ, మైకులోన, "ప్రభువా, ఆ కాలు మామ్మని ముట్టండి" అన్నాడు. కాలు మామ్మంట. ఇంటికెల్తంటే ఇది దారిలో ఆగిపోయినాది. "ఒసే సూరమ్మా, పైన కూడా నన్ను కాలనే రాసుకున్నారేటే? రేపు నాను ఎల్లి రత్నమ్మనంటే, రత్నమ్మెవులు అంటారేటే? అక్కడ ఈ కాలుండదు కదా, ఆనవాలు ఎలగ పడతారు?" అన్నాది. నాను నవ్వినాను. అది నవ్వనేదు. "కాలు తగ్గకపోయినా సరే, ఒక్కపాలి దేవుడి ముందర, మైకులోన, నా పేరెట్టి ప్రార్థన సేస్తే సాలే" అన్నాది. అంత బతుకు బతికి అది అడిగిన కోరిక అదమ్మా. కోక కాదు, కేకు కాదు.

నాకప్పుడు ఆధారు గుర్తొచ్చినాది. జనవరి మొదటి ఆదివారానికి ముసిలోలందర్నీ పోగేసినాను. మన పుట్టినరోజులొచ్చినాయి, పదండే అన్నాను. ఆ రోజే కంట్రాక్టరు మనవడిది కూడా. పెద్ద కేకు తెచ్చి బల్ల మీద ఎట్టినారు. అయ్యగారు రమ్మన్నాడో నేదో, ఆ గుంటడు కోటేసుకొని ఎల్లినాడు, ఆడెనకాతల మేము. మోకాళ్ళట్టుకొని, ఒకల బుజాలొకలట్టుకొని ఎల్తంటే సర్చి సగం కాళీ అయిపోయినాది. అయ్యగారికి గొంతుకలో ఎలక్కాయ పడ్డట్టయినాది. "మీరందరూ ఈ నెలేనా మామ్మా?" అన్నాడు. "గవర్నమెంటోలు అలాగే రాసినారయ్యగారూ. పైనున్న అధికారులకి లోబడి ఉండమని మీరే కదా సెప్పినారు" అన్నాను.

లైవు నడుస్తన్నాది, కేకు కరిగిపోతన్నాది. ఆయన దూరం నుంచే సెయ్యెత్తి, "ప్రభువా, ఈ ముసలి తల్లులందరినీ దీవించండి" అనీసి ఆమేన్ అనీబోయినాడు. తోటకూర మడికి నీళ్ళు సల్లినట్టు సల్లీబోయినాడు. పేర్లయ్యగారూ అన్నాను. "పేర్లు దేవుడికి తెలుసు మామ్మా" అన్నాడు. "మరి కారు నంబరు తెలీదేటి దేవుడికి, సదివి ఇనిపించినారు?" అన్నాను. మీయమ్మ కొంగు మొహాన కప్పుకున్నాది, అప్పుడే.

సరే, మైకట్టుకొని ఒక్కొక్కలకాడికీ వచ్చినాడు. నీ పేరేటి మామ్మా, ఆదెమ్మ. నీ పేరేటి మామ్మా, అసిరమ్మ. తన పేరు తాను మైకులోన ఇనుకొని అసిరమ్మ సిగ్గుపడిపోయినాది, కొత్త పెళ్ళికూతురు కూడా అంత సిగ్గుపడదు. ఆకరికి రత్నమ్మ కాడికి వచ్చినాడు. అది గుమ్మం కాడ్నించి కాలీడ్సుకొని అంత దూరమొచ్చి, సెమట్లు కక్కుకొని నిలబడ్డాది. "నీ పేరేటి మామ్మా?" అన్నాడు. ఒక్క ముక్క సెప్తే సాలు, కోరిక తీరిపోతాది. ఇదేటి సేసినాదో తెల్సా? మైకుకేసి సూసినాది, ఆయనకేసి సూసినాది. "సెప్పను" అన్నాది.

ఓలమ్మ, కీబోర్డోడు కూడా వాయించడం ఆపీసినాడు.

"నాను సెప్పి నువ్వంటే, అది నాను అనుకున్నట్టే కదా బావూ. నువ్వీ ఊరొచ్చిన కాడ్నించీ నీ ఎదురుగానే కూకున్నాను. తెలిస్తే అను, తెలకపోతే ఒగ్గీ" అన్నాది. అయ్యగారు నవ్వినట్టు నవ్వి, ఎవరికైనా తెలుసా అని సర్చంతా కలియసూసినాడు. కంట్రాక్టరు పెళ్ళాం ముందర కుర్చీలోంచి, బోదకాలమ్మంటారండి అన్నాది. అందరూ నవ్వినారు. నాను నోరు తెరవబోతే రత్నమ్మ నా సెయ్యి గిల్లినాది, కందిపోయినాది. ఎనక్కి తిరిగి కాలీడ్సుకుంటూ ఎల్లి, పీట తీసుకొని, గుమ్మం దాటి పోయినాది. నాకు ఏడుపొచ్చినాది, కోపమొచ్చినాది. కేకు మాత్రం కోసినారు, అది ఆగుతాదేటి.

ఇంక అది సర్చికి రానేదు. బతిమాలినాను. "ఒద్దే, నాను దేవుడి కాడికి నేరుగానే ఎల్తాను, మద్దిలో ఆయనెందుకు" అన్నాది.

కొన్ని వారాలు పోయినాక అయ్యగారు తప్పిపోయిన గొర్రె గురించి వాక్యం సెప్పినాడు. గోడ మీద బొమ్మలేసినాడు. గొర్రె తెల్లగా, బొద్దుగా, దూదిలాగున్నాది. మన పక్క అలాటి గొర్రెని ఎవులు సూసినారు? తొంభైతొమ్మిదింటి మందనొగ్గేసి ఆ ఒక్కదానికోసం కాపరి కొండలెక్కినాడు, ముళ్ళు గీసుకున్నాడు అని సెప్తూ సెప్తూ ఆయనే ఏడ్సీసినాడు. అందరూ ఆమేన్ అన్నారు. గుమ్మం కాడ పీట నేదు, ఎవులూ అటు సూడనేదు. తొంభైతొమ్మిది గొర్రెలం ఫేనుల కింద కూకొని కళ్ళు తుడుసుకుంటన్నాము.

బయటికొచ్చేటప్పుడు ఆయన గుమ్మంలో సేతులు కలుపుతూ నిలబడతాడు. నాను సెయ్యియ్యనేదు. "మీ గొర్రె కొండ మీద నేదయ్యగారూ. రేవు కాడ నెత్తళ్ళు ఎండబెడతన్నాది. ముళ్ళు కూడా నేవు, సిమెంటు రోడ్డు" అన్నాను. మొహం మాడిపోయినాది. "ఆమె పేరేటో మీరే చెప్పండి మామ్మా" అన్నాడు. ఎల్లడుగు అన్నాను.

ఎల్లినాడమ్మా. అనకూడదు, ఎల్లినాడు. మర్నాడు తెల్ల సొక్కా, నల్ల బూట్లు ఏసుకొని ఇసకలో దిగబడుతూ వచ్చినాడు. నాను అక్కడే నెత్తళ్ళు తిరగేస్తన్నాను. రత్నమ్మ రమ్మన్నేదు, కూకోమన్నేదు. కర్ర సేతికిచ్చి, కాకుల్ని తోలు అన్నాది. తోలినాడు. తోలడం రాదు, ఆ అదిలింపుకి కాకులు నవ్వుకొని ఎల్లుంటాయి. ఎండెక్కినాది, సొక్కా తడిసిపోయినాది, అప్పుడు కర్ర కిందెట్టి, "అమ్మా, నీ పేరేటి?" అన్నాడు. మామ్మా అన్నేదు ఈపాలి. రత్నమ్మ ఆయన మొహంలోకి సూసి, "ముందు నీ పేరేటి?" అన్నాది.

అదిగో, ఆ పేరు నాకూ తెలీదు. అయ్యగారు అయ్యగారు అనుకుంటాము, బోర్డు మీద ఏదో పెద్ద ఇంగ్లీసు పేరున్నాది, అది మనకి నోరు తిరగదు. ఆయన ఇసకలోకి సూస్తూ, "అప్పలరాజు" అన్నాడు. ఊరు సాలూరంట, ఆల నాన్న లారీ మీద క్లీనరంట. "మాయమ్మ పోయిన కాడ్నించీ ఆ పేరుతో నన్నెవులూ పిలవనేదమ్మా" అన్నాడు. మైకులోన మాటాడే బాస ఎటెల్లిపోయినాదో, మన మాటొచ్చీసినాది నోటికి. "అప్పలరాజా, నాను రత్నమ్మని" అన్నాది ఇది. తన గెంజి ముంత ఆయనకిచ్చీసినాది. తాగీసినాడు.

ఆ ఆదివారం రత్నమ్మ వచ్చి పీటేసుకొని కూకున్నాది. అయ్యగారు దాన్ని ముందుకి రమ్మన్నేదు. తానే మైకట్టుకొని గుమ్మం కాడికి బయలెల్లినాడు. సగం దారిలో తీగ సాలక మైకు ఎనక్కి లాగీసినాది. దాన్ని అక్కడే ఎట్టీసి వచ్చి, సెప్పుల మద్దిలో మోకాళ్ళూని, దాని నెత్తి మీద సెయ్యేసి, "ప్రభువా, మాయమ్మ రత్నమ్మ" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నాను మూసుకోనేదు, నాను సూడాల కదా. అది ఆయన నోటికేసే సూస్తన్నాది. ప్రార్థనైపోయినాది, ఆమేన్ అన్నాము. ఇది కళ్ళు తుడుసుకొని, "మైకులోన అన్నేదు" అన్నాది.

మళ్ళీ కీబోర్డు జరిపి, పెట్టె జరిపి, తీగ లాగి, మైకులోన అన్నాడు. రేవు దాకా ఇనిపించినాదంట. కంట్రాక్టరు పెళ్ళాం పక్కావిణ్ణి గోకి, రత్నమ్మెవులే అని అడుగుతన్నాది.

ఇప్పుడు బోదకాలమ్మా అంటే అది పలకదు. పాపం సెవుడొచ్చీసినాదని ఊరంతా జాలిపడతన్నారు. ఆదివారం పూట ఒక్కొక్కలు లేసి ప్రార్థన సేసినప్పుడు, అది కూడా గుమ్మం కాడ్నించే సేస్తాది. "ప్రభువా, అప్పలరాజుని సల్లగా సూడు. ఆడికి దగ్గొస్తన్నాది, రేతిరి నిద్దర నేదంట. అమ్మ నేనోడు, నువ్వే సూసుకో" అంటాది. అప్పలరాజెవులు, దాని మేనల్లుడా, మనవడా అని ఒకలనొకలు అడుక్కుంటారు, నన్నూ అడుగుతారు. నాను సెప్పను. అందరూ ఆమేన్ అనీసినాక, ముందర కళ్ళు మూసుకొని నిలబడ్డోడు ఒక్కడు కొంచెం ఆగి అంటాడు, మైకు పక్కకెట్టీసి.