హెడ్డు సన్యాసిరావుగారి రుమాలు కేసు

ఏటే రాజశ్రీ, ఆ సీరియల్లో పోలీసు లిఫ్టెక్కి దిగేసరికి డెబ్భైల్లోకి వెళ్లిపోయాడంటావు, సరే. వెళ్లినోడు ఊరుకోడేం? "కెమెరాలు లేవు, ఫోన్లు లేవు, వీళ్లకి లాఠీ తప్ప ఏటీ తెలీదు" అని అప్పటోళ్లకి పాఠాలు చెప్తాడా? అచ్ఛా. మా హెడ్డు కానిస్టేబులు సన్యాసిరావుగారి ఠాణాలో దిగుంటే తెలిసేది. పోయి ఎన్నేళ్లో అయింది పాపం. టెక్కలి మనిషి, రైల్వే పోలీసు. ఇంత మీసం, అంతకు రెండింతలు గొప్పలు. "ఈ బిలాస్‌పూర్‌లో నాకు తెలీకుండా పిల్లి కూడా పట్టాలు దాటదు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, మీ తాతని పట్టుకెళ్లేదాకా.

అప్పుడు మీ తాత లోకోషెడ్డులో ఖలాసీ, బొగ్గింజన్లు తుడిచే పని. నేను కాపరానికొచ్చి నెల తిరగలేదు. మర్నాడు ఆంధ్రా సమాజంలో నాటకం అనగా హార్మోనీ పోయింది. దాని మీద తెల్ల గలేబు మాత్రం తీసి, మడతెట్టి బల్ల మీద ఉంచాడు దొంగ. సమాజం సెక్రటరీ బావమరిది వేణుగోపాల్ లేడూ, ఆడు ఠాణాకెళ్లి మీ తాత పేరు చెప్పి "త్రినాథరావే, నా కళ్లతో చూశాను" అనీశాడు. మీ తాత డ్యూటీ దిగి ఆ దారినే వస్తాడు కదా, ఒంటి మసితోనే పట్టుకుపోయారు. కేసు రాస్తే నౌకరీ పోద్ది, క్వార్టరు పోద్ది. ఠాణాకి పెద్ద, ఆ దరోగాకి అదేటి పట్టింది? "దో డండే మారో, ఉగలేగా" అంటున్నాడు, రెండు తగిలిస్తే కక్కుతాడట. నేను గుమ్మం బయట కొంగు నోట్లో కుక్కుకుని నిల్చున్నాను.

అప్పుడు సన్యాసిరావుగారు తాపీగా "ఏం బాబూ వేణుగోపాలూ, చూసినప్పుడు ఇతను స్నానం చేసున్నాడా, లేదా?" అన్నాడు. ఆడు ఇంకా హుషారుగా "లేదండీ, షెడ్డు నుంచి తిన్నగా వచ్చాడు, దెయ్యంలా నల్లగా ఉన్నాడు, గలేబు తానే లాగాడు" అన్నాడు. "సరే" అని మీ తాతకి సబ్బిచ్చి కుళాయి కాడ బాగా తోమి కడుక్కోమన్నాడు. కడిగాక, "సాబ్, జరా రుమాల్ దీజియే" అని దరోగా తెల్ల రుమాలు పుచ్చుకుని మీ తాత చేతులు తుడిచాడు. అంత తోమినా నల్లగా అయిపోయింది రుమాలు. బొగ్గు షెడ్డు చేతులే అవి, మా ఇంట్లో అన్నం ముద్దకి కూడా అంటేది. దాని పక్కన సమాజం నుంచి తెప్పించిన గలేబు పరిచాడు. మల్లెపువ్వులా ఉంది. "కడుక్కున్న చేతులకే ఇంత మసుంటే, కడుక్కోని చేతులతో లాగిన గలేబు మీద వేలిముద్ర ఒక్కటీ లేదేం సాబ్?" దరోగా రుమాలు చూసుకున్నాడు, గలేబు చూశాడు, ఆ తరవాత వేణుగోపాల్‌కేసి తిరిగాడు. ఆడు, హార్మోనీని మస్తూరీ ఊరి బ్యాండోళ్లకి అమ్ముదామని కుదుదండ్‌లో స్నేహితుడింట్లో మంచం కింద పెట్టానని తనే కక్కీశాడు.

చూడాలి ఆ సాయంత్రం. వెనక సందులోంచి పోదామన్నాడు మీ తాత సిగ్గుతో. "ఎందుకూ? నడిరోడ్డు మీదే రా" అని భుజం మీద చెయ్యేసి కాలనీ మధ్య నుంచి నడిపించుకొచ్చాడు హెడ్డుగారు. క్వార్టర్లలోంచి జనం దిగొచ్చి చేతులు కలపడమే. మేము ఇల్లు చేరేసరికి సగం కాలనీ అరచేతులు నలుపే. సన్యాసిరావుగారి మీసానికీ అంటింది. నీళ్లు తోడమన్నాడు మీ తాత. ఉండనీండి, ఇయ్యాల్టికి కడుక్కోకండి అన్నాను.

...ఊఁ. పద, కంచాలు పెట్టు.