పెద్దచక్రం సైకిలు మీద బావ సవారీ

ఆ పాత సైకిలు మీద మెకానిక్ ఆర్నెల్లు కష్టపడ్డాడు. అది విక్టోరియా రాణి కాలంనాటిది, అతని బావకి ముత్తాత నుంచి వచ్చింది. ముందు చక్రం మనిషి భుజం దాకా ఉంటుంది, వెనకది పళ్లెమంత. తోలు సీటు, కొమ్ముతో చేసిన పిడులు, గాలి కొట్టే పనిలేని గట్టి రబ్బరు టైరు, అన్నీ పుట్టినప్పటివే. ఒక్క మర కూడా మార్చకుండా తుప్పు మాత్రం వదిలించాడు. ఇవాళ మ్యూజియం మేడమ్ వచ్చి, "అసలు భాగాలుంటేనే తీసుకుంటాం" అని భూతద్దం తీసింది. ఆవిడ వద్దంటే పాత ఇనుము బండికి ఎత్తేస్తానని బావ ముందే చెప్పాడు.

బావ నోరు విప్పకపోతే అంతా సవ్యంగానే సాగేది.

"మేడమ్, దీని మీద చేతులు వదిలేసి బజారుకెళ్లొచ్చాను ఓసారి."

"అలాగా?" అంది ఆవిడ తలెత్తకుండా.

బావకి ఆ మాత్రం చాలు.

"విశేషమంతా తిరిగొచ్చేటప్పుడండీ! దిగుడు రోడ్డు, బ్రేకు పట్టలేదు, ముందు బస్సు పోతోంది, డ్రైవరు అద్దంలో నన్ను చూసి దండం పెట్టి దారిచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన లేదు! రిపేరుకని విప్పేశారు!"

"బావా, మేడమ్‌ని పని చూసుకోనీ" అంటూ మెకానిక్ పళ్లు నూరాడు.

"ఉండరా, అసలు సంగతి ఇప్పుడే. ఎగిరానండీ! కింద ఏరు, పైన నేను. అంత ఎత్తుకి గద్దలు కూడా రావు, వచ్చిన ఒక్కటీ అలిసిపోయి నా హ్యాండిల్ మీద వాలి అవతలి గట్టుకి నాతోనే వచ్చింది. దిగాక చక్రం ఆగితేనా? మూడు రోజులు తిరుగుతూనే ఉంది. సీటు మీదే నిద్ర, సీటు మీదే భోజనం. గడ్డం కూడా గీయించుకున్నాను, మంగలి పక్కన పరిగెత్తుతూ గీశాడు! ఆ రాళ్లకీ ముళ్లకీ టైరు అరిగి అరిగి పీలికలైపోయింది..."

మేడమ్ పెన్ను ఆగింది.

"టైరు అరిగిపోయిందా?"

"పూర్తిగా!"

"అయితే ఇది తర్వాత వేసినదన్నమాట. మీ కథ నిజమైతే నేను సైకిలు తీసుకోను. టైరు అసలుదైతే మీ కథ అబద్ధం. ఏది రాసుకోమంటారు?"

బావ దిక్కుతోచక బామ్మర్ది వంక చూశాడు. బామ్మర్ది మాత్రం నల్లబడిన తన గోళ్లు చూసుకుంటూ నిలబడ్డాడు. పదేళ్లుగా ఈయన కోతలకి తలూపి తలూపి అతని మెడ నొప్పెట్టింది.

"టైరే నిజమండీ" అన్నాడు బావ గొంతు తగ్గించి. "నేను దీన్నెప్పుడూ తొక్కలేదు. చిన్నప్పుడు తాతయ్య ఎత్తి కూర్చోబెడితే, దించేదాకా వీధంతా పోగయ్యేలా ఏడ్చాను."

ఆవిడ రాసుకుని సంతకం పెట్టింది. సైకిలు వ్యాను ఎక్కింది. మెకానిక్‌కి ఊపిరి తిరిగొచ్చింది.

వ్యాను ఇంకా మలుపు తిరగనేలేదు, పక్క కొట్టు దర్జీ వచ్చి ఏమైందని అడిగాడు.

"ఏముందీ, తీసుకోనంటే తీసుకోనని భీష్మించుక్కూర్చుంది. నేను ఒక్కటంటే ఒక్క మాటన్నాను. దెబ్బకి సంతకం పెట్టింది!"

మెకానిక్ చేతిలోని నూనెగుడ్డ నేలకేసి కొట్టాడు.

"ఆ మాటేంటో కూడా చెప్పు, బావా!"

బావకి ఇంటి దగ్గర ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది.